హెలెన్ కెల్లర్ బాల్యము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణ భాగమున అలబామా అను రాష్ట్రము కలదు. అందు టస్కంబియా ఒక చిన్న పట్టణము. ఆ పట్టణమున 1880 వ సంవత్సరము జూన్ 27 వ తేదీన హెలెన్ కెల్లర్ జన్మించెను. తండ్రి ఆర్థర్ కెల్లర్ ఒకప్పుడు సైన్యమున కాప్టెనుగా పనిచేసి, పిదప పత్రికా సంపాదకుడైనవాడు. తల్లి కేట్ ఆయనకు రెండవ భార్య. వయస్సున ఆయనకంటె ఇరువది ఏండ్లు చిన్నది. ఆమెకు హెలెన్ తొలిచూలు బిడ్డ. ఆ పసికందు తల్లిదండ్రుల కన్నులపంటయై పెరుగుచుండెను. మొదటి పుట్టినరోజున తల్లి ఒడిలో కూర్చుండి, నేలపై కదలాడు ఆకుల నీడలను చూచి, వానిని పట్టుకొనవలెనని ఒడి జారి నాలుగడుగులు వేసెనట. అవి ఆమె తొలి అడుగులు. అప్పటికే రెండు మూడు ముద్దుమాటలు పలుక నేర్చినది. నీటిని కోరుటకు ఒక మాటను వచ్చీరాని పలుకులతో అనుచుండెను. ఈ నీటి మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ఐదేండ్ల తరువాత ఇది మరల మనకు కనబడును.

1882 ఫిబ్రవరి మాసమున, పందొమ్మిది నెలల ప్రాయమున, ఆ బిడ్డకు తీవ్రమైన జ్వరము వచ్చెను. అది ఏ వ్యాధియో నేటికిని నిశ్చయముగా చెప్పలేకున్నారు. బిడ్డ బ్రదుకదని వైద్యులు ఆశ వదలుకొనిరి. కాని ఒకనాటి ఉదయమున జ్వరము వచ్చినంత వింతగానే విడిచిపోయెను. ఇంటిల్లిపాదియు పండుగ చేసికొనిరి. ఆ జ్వరము బిడ్డ కన్నులను, చెవులను తనతో తీసికొనిపోయినదని ఆ దినమున ఎవరును ఎరుగరు, వైద్యుడును ఎరుగడు.

చెవి వినబడని పసివానికి మాట తనంతట రాదు. వినిన ధ్వనిని అనుకరించియే గదా పిల్లలు మాటలు నేర్తురు! కనుక కొలది కాలములోనే హెలెన్ నోట మాట అడగిపోయెను. చూపు లేదు, వినికిడి లేదు, పలుకు లేదు. ఇక మిగిలినవి స్పర్శ, వాసన, రుచి. ఆమె తల్లి కొంగు పట్టుకొని ఇల్లంతయు తిరుగుచు, తన అవసరములకు కొన్ని సంజ్ఞలు కల్పించుకొనెను. తల ఊపిన అవుననియు, అడ్డముగా త్రిప్పిన కాదనియు అర్థము. రొట్టె కావలెనన్న రొట్టెను కోయుచున్నట్లు అభినయించును. చెంపకు చేయి ఆనించుకొన్న అమ్మ; కండ్లజోడు పెట్టుకొన్నట్లు చూపిన నాన్న. ఇట్టి సంజ్ఞలు నానాటికి పెరిగినవి. కాని ఆకలి, దాహము, రా, పో అను వానిని దాటి సంజ్ఞ ఎంతదూరము పోగలదు? లోపల గుబులు కలిగినప్పుడు, భయము వేసినప్పుడు, ఒంటరితనము తోచినప్పుడు ఏ సంజ్ఞ చేయవలెను?

ఇతరులు తనవలె సంజ్ఞలు చేయుట లేదనియు, ఏదియో నోటితో చేయుచున్నారనియు ఆమె క్రమముగా గ్రహించెను. మాటలాడుకొనుచున్న ఇద్దరి నడుమ నిలిచి వారి పెదవులను చేతితో తడిమి చూచుచుండెను. అవి కదలుచుండెను. తానును పెదవులు కదపెను, చేతులు ఊపెను. ఫలితము కనబడలేదు. అప్పుడు పుట్టిన కోపమునకు మేర లేదు. ఒడలు అలసి పడిపోవువరకు కాళ్లతో తన్నుచు, కేకలు వేయుచు ఉండెడిది. ఏడెనిమిదేండ్లు నిండని పిల్ల ఇల్లు తలక్రిందులు చేయుచున్నదని చూచినవారు అనుకొందురు. గోడకు తల బాదుకొనుచున్న ప్రాణి అది అని ఎవరు చెప్పగలరు?

ఆమె చేసిన అల్లరి పనులు కొన్ని నవ్వు పుట్టించును, కొన్ని ఒడలు జలదరింపజేయును. తాళపుచెవి ఎందుకు పనికివచ్చునో తెలిసికొన్న వెంటనే ఒకనాటి ఉదయమున తల్లిని కొట్టుగదిలో పెట్టి తాళము వేసెను. నౌకరులు దూరముగానుండిరి. మూడు గంటలకాలము తల్లి లోపల తలుపు బాదుచుండగా, ఆ అదురును మెట్లపై కూర్చుండి ఒంటితో గ్రహించుచు హెలెన్ నవ్వుచుండెనట. మరియొకప్పుడు తన బొమ్మను పరుండబెట్టు తొట్టిలో ఎవరో పరుండియున్నట్లు చేతికి తగిలెను. అది తన చెల్లెలు మిల్డ్రెడ్. అప్పటికి ఆ పసిపాప తనకు చెల్లెలను సంగతి హెలెన్‌కు తెలియదు. తల్లి ఒడిని ఆక్రమించిన ఎవరో పరాయిప్రాణి అనియే తెలియును. కోపముతో తొట్టిని బోర్లద్రోసెను. తల్లి పరుగెత్తివచ్చి పట్టుకొనకున్నచో ఆ శిశువు దక్కకపోయెడిది.

బంధువులలో కొందరు ఇది మతిలేని పిల్ల యని తేల్చిరి. తల్లిదండ్రులు అట్లనుకొనలేదు. వారు బిడ్డను ప్రాణముగా చూచుకొనిరి. అడిగినదెల్ల ఇచ్చిరి. భోజనమువేళ ఆమె అందరి పళ్లెములలో చేయిపెట్టి తినుచున్నను వలదనలేదు. పాపము, అంతటి దుర్భాగ్యురాలిని ఇంకను దండించుట ఎట్లని వారి భావము. ఇట్టి తల్లిదండ్రులను పాఠశాలలో నేనును పెక్కుమందిని చూచితిని; తప్పుపట్టుటకు నోరు రాదు. ఐనను చిత్రమేమనగా, అంత ప్రేమ నడుమ పెరుగుచున్న ఆ బిడ్డకు ప్రేమ అందుట లేదు. తల్లి తప్ప మరియెవ్వరు దగ్గరకు తీసికొన్నను విదిలించుకొని పోవును. ముద్దుపెట్టుకొనబోయినచో ముఖము తిప్పుకొనును. ఒకరు తన్ను తాకినారన్న, వారు ఏల తాకిరో, మేలు కోరియో కీడు కోరియో తెలియని బ్రదుకది. చీకటిలో మీదపడిన ప్రతి చేతిని మనము మాత్రము ఆదరముతో అందుకొందుమా?

తల్లి కేట్ కెల్లర్ చదువరి. చార్లెస్ డికెన్స్ అను ఆంగ్ల రచయిత అమెరికా దేశమును చూచి 1842 లో వ్రాసిన గ్రంథమున లారా బ్రిడ్జిమన్ అను బాలికనుగూర్చి చదివియుండెను. ఆ బాలికయు అంధురాలు, బధిరురాలు. బాస్టన్ నగరమున పెర్కిన్స్ అంధవిద్యాలయములో డాక్టర్ హౌ అను మహనీయుడు ఆమెకు వ్రేళ్ల సంజ్ఞలతో అక్షరములు నేర్పి మాట తెలిపెను. కాని ఆ డాక్టరు గతించి చాలకాలమయ్యెను. అలబామా నుండి బాస్టన్ బహుదూరము. 1886 లో తండ్రి హెలెన్‌ను బాల్టిమోర్ నగరములోని ప్రసిద్ధ నేత్రవైద్యునికి చూపెను. కన్నులకు చికిత్స లేదనియు, బిడ్డకు చదువు మాత్రము చెప్పవచ్చుననియు ఆ వైద్యుడు చెప్పి, వాషింగ్టనులోని అలెగ్జాండర్ గ్రాహం బెల్‌ను చూడుమని పంపెను. టెలిఫోను కనుగొనిన బెల్ ఈయనయే. బధిరులకు విద్య చెప్పుటయే తన ముఖ్యమైన వృత్తియని ఆయన తలచుచుండెను. బెల్ ఆమెను ఒడిలో కూర్చుండబెట్టుకొనెను. తన గడియారమును చేతికిచ్చి, అది గంట కొట్టునట్లు చేసి, ఆ అదురును ఆమెకు తెలియనిచ్చెను. ఆమె సంజ్ఞలను ఆయన గ్రహించెను. పరాయివారిని దరిచేరనీయని ఆ బాలిక, తన సంజ్ఞ తెలిసిన ఆ మనుష్యునియొద్ద ఒదిగి కూర్చుండెను. తన్ను తెలిసికొనువారుండినచో ఆమె హృదయము మూసికొని యుండదనుటకు ఆనాడే ఒక గుర్తు కనబడినది. బెల్ సలహాపై తండ్రి పెర్కిన్స్ విద్యాలయాధ్యక్షుడైన మైకేల్ అనాగ్నోస్‌కు జాబు వ్రాసెను. ఒక ఉపాధ్యాయిని దొరకినదని ఆయన ప్రత్యుత్తరమిచ్చెను.

ఆ ఉపాధ్యాయిని పేరు ఆన్ సల్లివన్. ఈమె కథ తెలిసికొనక హెలెన్ కథ తెలియదు. ఆన్ 1866 లో మసాచుసెట్స్ రాష్ట్రమున నిరుపేదలైన ఐర్లండు వలసకుటుంబములో పుట్టెను. పసితనముననే కండ్లకలక వంటి దీర్ఘవ్యాధి వచ్చి చూపు మందగించెను. తల్లి మరణించెను. తండ్రి పిల్లలను విడిచిపోయెను. 1876 లో ఆమెను, ఆమె తమ్ముడు జిమ్మీని ట్యూక్స్‌బరీ అనుచోట ప్రభుత్వమువారి బీదలశాలకు పంపిరి. అక్కడ వృద్ధులు, రోగులు, మతిచెడినవారు అందరును ఒకేచోట ఉండిరి. కొలదినెలలలోనే జిమ్మీ మరణించెను. ఆ బీదలశాలలో ఆ తమ్ముడు తప్ప ఆమెకు తనవారెవ్వరును లేరు. తరువాత నాలుగేండ్లు ఆమె అక్కడనే గడపెను. ఒకనాడు తనిఖీకి వచ్చిన పెద్దమనుష్యుల గుంపునకు అడ్డుపడి, తనకు చదువుకొనవలెనని ఉన్నదని మొరపెట్టుకొనెను. అట్లు 1880 లో, పదునాలుగేండ్ల ప్రాయమున, ఓనమాలు రాని స్థితిలో పెర్కిన్స్ విద్యాలయమున చేరి, 1886 లో తరగతికి ప్రథమురాలై పట్టము పొందెను. శస్త్రచికిత్సలవలన చూపు కొంత మెరుగుపడెను. డికెన్స్ వ్రాసిన లారా బ్రిడ్జిమన్ అప్పటికి ముదుసలియగుచు అదే విద్యాలయమున నివసించుచుండెను. ఆన్ ఆమెతో ఒకే ఇంట ఉండి, వ్రేళ్లతో మాటలాడుట నేర్చుకొనెను. తోడులేని బాల్యమున ఒకరి చేతిని నమ్ముట ఎంత కష్టమో ఆమెకు ఎవరును చెప్పనక్కరలేదు.

1887 మార్చి 3 వ తేదీ సాయంకాలమున ఆన్ సల్లివన్ టస్కంబియా చేరెను. వయస్సు ఇంకను ఇరువదియొకటి నిండలేదు. హెలెన్‌కు ఆరేండ్ల ఎనిమిది నెలలు. ఇంటిలోని సందడినిబట్టి ఏదియో జరుగనున్నదని పసికట్టి ఆ బాలిక వాకిట నిలుచుండెను. అడుగుల అదురు తెలిసి, తల్లి యనుకొని చేయి చాచెను. వచ్చినది తల్లి కాదు. వెంటనే క్రొత్తమనిషి ముఖమును, దుస్తులను, చేతిసంచిని తడిమి, సంచి లాగికొని తెరువజూచెను. చుట్టములు సాధారణముగా మిఠాయి తెత్తురు గదా! తల్లి వలదని సంచి లాగుకొనగా కోపముతో మండిపడెను. ఆన్ తన గడియారము చేతికిచ్చి ఆ గాలివానను శాంతింపజేసెను. కాని ముద్దుపెట్టుకొనబోవగా బాలిక విదిలించుకొనెను.

మరునాడు ఆన్ పెర్కిన్స్‌లోని అంధబాలికలు పంపిన బొమ్మ నొకదానిని హెలెన్‌కిచ్చి, బొమ్మ యను అర్థముగల ఇంగ్లీషు మాటలోని నాలుగు అక్షరములను ఆమె అరచేతిలో వ్రేళ్లతో మెల్లగా గుర్తించెను. ఆ బొమ్మకు దుస్తులు కుట్టినది లారా బ్రిడ్జిమనే. హెలెన్‌కు ఈ వ్రేళ్ల ఆట నచ్చెను. కోతివలె చక్కగా అనుకరించెను. మేడ దిగి పోయి తల్లికి చూపెను. కాని ప్రతి వస్తువునకును ఒక పేరుండునని, ఈ కదలిక యొక మాట యని ఆమెకు తెలియదు.

నేర్పుటకంటె ముందు మరియొక చిక్కు వచ్చెను. ఒకనాడు ఫలాహార సమయమున హెలెన్ యథాప్రకారము ఆన్ పళ్లెములో చేయిపెట్టెను. ఆన్ ఒప్పుకొనలేదు. ఇంటివారు ఖిన్నులై లేచిపోయిరి. ఆన్ తలుపు గడియవేసి తన భోజనము తాను సాగించెను. బాలిక నేలపై పడి దొర్లెను, ఆమె కుర్చీని లాగజూచెను, ఆమెను గిల్లెను. కొంతసేపటికి లేచి బల్లచుట్టు తిరిగి, ఎవరును లేరని తెలిసికొని, విస్తుపోయి తన చోట కూర్చుండెను. చెంచాతో తినుట, తరువాత తుండుగుడ్డ మడచుట, ఒక్కొక్కదానికి ఒక్కొక్క యుద్ధము. అంతయు ముగిసి బాలికను తోటలోనికి విడిచిన పిదప ఆన్ తన గదికి పోయి పరుపుపై పడి కన్నీరు కార్చెను. ఈ నడుమనే ఒకనాడు ఆమెను గదిలో పెట్టి తాళము వేసి, తాళపుచెవిని హెలెన్ ఒక బీరువా క్రింద దాచెను. తండ్రి కిటికీకి నిచ్చెన వేయించి ఆమెను దింపవలసివచ్చెను. హెలెన్ సంతోషమునకు మితిలేదు. ఆ తాళపుచెవిని ఆమె కొన్ని నెలలవరకు బయటపెట్టలేదట!

చేరదీయబోయిన కొలది బాలిక దూరమగుచున్నదనియు, మొండితనము నెగ్గుచున్నంతకాలము ఆమెకు ఎవరి అవసరమును తోచదనియు ఆన్ గ్రహించెను. తల్లిదండ్రులను ఒప్పించి, పావుమైలు దూరమున తోటలోనున్న చిన్న ఇంటికి హెలెన్‌తో మకాము మార్చెను. తానున్నది తన ఇంటిచేరువనే యని తెలియకుండుటకై బాలికను బండిలో చాలసేపు త్రిప్పి తీసికొనిపోయిరి. తల్లిదండ్రులు ప్రతిదినము వచ్చి చూడవచ్చును గాని, వచ్చినట్లు ఆమెకు తెలియరాదని కట్టడి. తల్లికిది ఎంత కఠినమో ఊహింపుడు. చేయి చాచినంత దూరములో తనకొరకు చెంప తడుముకొనుచు వాకిట నిలిచిన బిడ్డను చూచియు, తాకక మరలిపోవలెను.

మొదటిరాత్రి హెలెన్ భోజనము చేసి, తానుగా బట్టలు మార్చుకొని పరుండెను. ఆన్ ప్రక్కను పరుండబోవగా, ఆ అలికిడికి రెండవవైపునుండి దుమికెను. తిరిగి పరుండబెట్టుటకు రెండు గంటలు పెనుగులాడవలసివచ్చెను. తుదకు అలసి, మంచపు అంచున ముడుచుకొని నిదురించెను. ఆ మంచము వెడల్పు ఎంతయో తెలియదు గాని, వారిద్దరి నడుమ దూరమునకు ఆ అంచే కొలత.

తెల్లవారినపిదప బాలిక కొంత శాంతించినట్లుండెను. ఐనను మాటిమాటికి తలుపుదగ్గరకు పోయి చెంప తాకుచు తల ఊపుచుండెను. బొమ్మలతో ఎక్కువగా ఆడుకొనెను; ఆన్‌ను మాత్రము చెంతకు రానీయలేదు. ఆన్ తొందరపడలేదు. పూసలు గ్రుచ్చుట నేర్పెను, అల్లిక నేర్పెను. చేసిన ప్రతి పనియందును వ్రేళ్లతో మాటలు చెప్పుచునే యుండెను. కోపము వచ్చినను, రాకున్నను, నిన్న చేసినట్లే నేడును చేసెను. అదే చేయి, అదే నిదానము, అదే నియమము. పిల్లలకు, అందును భయపడిన పిల్లలకు, ఇదియే పెద్ద ఆలంబనమని నా అనుభవము.

రెండు వారములు పూర్తికాకమునుపే, మార్చి 20 వ తేదీనాటికి, మార్పు స్పష్టముగా కనబడెను. బాలిక ఉల్లాసముగా కూర్చుండి అల్లిక పని చేయుచుండెను. ఆన్ ముద్దుపెట్టుకొన్న విదిలించుకొనుట మానెను. మనస్సు బాగున్నవేళ ఆమె ఒడిలో ఒకటి రెండు నిముషములు కూర్చుండుటయు కలదు. కాని తిరిగి ముద్దుపెట్టదు. ఆ దినములలో తండ్రి ఒకప్పుడు వచ్చి, తన బిడ్డ నెమ్మదిగా పూసలు గ్రుచ్చుకొనుట చూచి ఆశ్చర్యపడెను. మరియొకప్పుడు ఆయన వెంట బెల్ అను ముసలి కుక్క వచ్చెను. వాసనచే దానిని గుర్తించి హెలెన్ మెడ కౌగిలించుకొనెను. పిదప దాని ప్రక్కను చతికిలబడి, దాని పంజా పట్టుకొని ఏదియో చేయసాగెను. ఆన్ పరికించి చూడగా, బొమ్మ అను మాటలోని అక్షరములను ఆ కుక్కకు నేర్పుచుండెను! పాపము, కుక్క నేర్చుకొనలేదు. కాని తనకు అందినదానిని మరియొకరికి ఈయవలెనని ఆ బాలికకు తోచుట అదియే మొదలు.

వారు తిరిగి పెద్ద ఇంటికి వచ్చిరి. రాగానే పాతబుద్ధి తలయెత్తెను. భోజనమువేళ తుండుగుడ్డ కట్టుకొననని హెలెన్ మొండికెత్తెను. ఇంటివారు జాలిపడి అడ్డువచ్చిరి. ఆన్ పట్టు విడువలేదు. మరునాడు ఆన్ భోజనశాలకు వచ్చునప్పటికి బాలిక అప్పుడే కూర్చుండి, తుండుగుడ్డను తానే గడ్డముక్రింద వింతగా గుచ్చుకొని యుండెను. దానిని గమనింపుమని చూపెను. ఆన్ ఏమియు అనకపోగా మెప్పునకు గుర్తుగా తన్ను తానే తట్టుకొనెను. గదినుండి పోవునప్పుడు ఆన్ చేయి పట్టుకొని మెల్లగా నిమిరెను. తప్పు చేసిన బిడ్డ రాజీకి వచ్చుట కాక మరేమి? క్షమింపుమను మాట ఆమెకు తెలియదు. మాట యను వస్తువే తెలియదు.

ఏప్రిల్ 5 వ తేదీ వచ్చెను. కొన్ని దినములుగా పాత్ర అనుమాటకును, అందలి నీటి మాటకును భేదము తెలియక హెలెన్ తికమకపడుచుండెను. ఆన్ విసుగక మరల మరల చెప్పుచుండగా బాలికకు విసుగు పుట్టి, క్రొత్త బొమ్మను నేలకు విసరికొట్టెను. అది ముక్కలయ్యెను. ఆ ముక్కలు కాలికి తగిలినను విచారము కలుగలేదు. ఆనాటివరకు తనకు విచారమనునది, అనురాగమనునది తెలియవని హెలెన్ పెద్దదైన పిదప వ్రాసికొన్నది. ఆన్ ముక్కలు ఒకప్రక్కకు ఊడ్చి, బాలిక టోపీ తెచ్చి బయటకు తీసికొనిపోయెను. తోటలో తీగలు ప్రాకిన పందిరిక్రింద చేతిపంపు నొకటి కొట్టుచుండిరి. ఆన్ ఆమె చేతిని ధారక్రింద పట్టించెను. ఒక చేతిపై చల్లని నీరు పడుచుండగా రెండవ చేతిలో నీటికి ఇంగ్లీషున గల పేరును, ముందు మెల్లగాను, పిదప వడిగాను, వ్రాసెను. బాలిక కదలక నిలిచిపోయెను. ముఖమున ఏదియో వెలుగు తోచెను. పందొమ్మిది నెలల ప్రాయమున జ్వరము కప్పివేసిన ఆ నీటి మాట, అరచేతి దారిన తిరిగివచ్చినది.

ఆ మాటను ఆమె పలుమార్లు తిరిగి వ్రాసెను. నేలను తట్టి దాని పేరడిగెను. పంపు పేరడిగెను. తటాలున తిరిగి, ఆన్‌ను తట్టి ఆమె పేరడిగెను. ఉపాధ్యాయిని అను అర్థముగల మాటను ఆన్ ఆమె చేతిలో వ్రాసెను. నెల దినములుగా తన్ను వెంటాడుచున్న ఆ చేతులకు ఒక పేరున్నదని హెలెన్‌కు అప్పుడు తెలిసెను. బ్రదుకంతయు ఆమెను ఆ పేరుతోనే పిలిచెను. కొన్ని గంటలలో ముప్పది మాటలు నేర్చుకొనెను. అమ్మ, నాన్న, చెల్లెలు అన్నియు ఆనాటి మాటలే. తొట్టినుండి తాను పడద్రోసిన ప్రాణికి కూడ ఒక పేరున్నది!

ఇంటికి వచ్చి గదిలో అడుగిడగానే పగిలిన బొమ్మ జ్ఞాపకము వచ్చెను. వెదకుకొనుచు పోయి ముక్కలేరి అతికింపజూచెను. అతుకలేదు. కన్నుల నీరు నిండెను. తాను చేసినదేమో తెలిసి, జీవితమున మొదటిసారి పశ్చాత్తాపపడినది. ఆ రాత్రి ఆన్ పరుండబోగా, హెలెన్ తానుగా ఆమె చేతులలోనికి జరిగి ఆమెను ముద్దుపెట్టుకొనెను. అదియే తొలిసారి. తన గుండె ఆనందముతో పగిలిపోవుననిపించినదని ఆన్ స్నేహితురాలికి వ్రాసిన జాబు నిలిచియున్నది. ట్యూక్స్‌బరీలో తమ్ముని పోగొట్టుకొన్న నాటినుండి ఆమెనును అట్లు తానుగా వచ్చి కౌగిలించుకొన్న బిడ్డ మరియొకరు లేరు. ఆ రాత్రి వారిద్దరిలో ఎవరికి ఎక్కువ దక్కినదో చెప్పజాలను.

ఆ తొలి దినములలోనే ఒకనాడు హెలెన్ తోటలో వయొలెట్ పూలు కోసి తెచ్చి ఆన్‌కిచ్చెను. ఆన్ ఆమె చుట్టు చేయి వేసి, నీయందు నాకు ప్రేమ కలదని చేతిలో వ్రాసెను. ప్రేమ యనగానేమని బాలిక అడిగెను. ఆన్ ఆమె గుండెను చూపెను. చేతితో తాకరానిది ఏదియు హెలెన్‌కు అర్థము కాదు. ఆ పూల కమ్మదనమా యని అడిగెను, కాదనెను. ఒంటిపై పడుచున్న ఎండ వెచ్చదనమా యని అడిగెను, అదియు కాదనెను. ఉపాధ్యాయిని తనకు ప్రేమను చూపలేకపోవుట ఆమెకు మిక్కిలి వింతగా తోచెను. ఒకటి రెండు దినముల తరువాత పూసలు గ్రుచ్చుచు తప్పుచేసి నిలిచిపోయినప్పుడు, ఆన్ ఆమె నొసట తాకి ఆలోచించుట అను మాట వ్రాసెను. తన తలలో ఆ క్షణమున జరుగుచున్నదానికే అది పేరని బాలికకు మెరసెను. కంటికి, చేతికి అందనివానికిని పేర్లుండును! మబ్బును తాకలేము గాని వాన తడుపును గదా యను పోలికతో ఆన్ ప్రేమను తెలిపెను.

1888 మే నెలలో ఆన్ ఆమెను బాస్టన్ తీసికొనిపోయెను. పెర్కిన్స్‌లోని అంధబాలికలకు వ్రేళ్ల అక్షరములు తెలియును. తన భాషలో తనతో మాటలాడు పిల్లలు లోకమున కలరని తెలిసి హెలెన్ పొందిన సంతోషము వర్ణింప శక్యము కాదు. మూడేండ్ల తరువాత ఆమె పెంపుడుకుక్కను ఒక పోలీసు కాల్చిచంపగా, జాలిపడిన పలువురు క్రొత్త కుక్కను కొనుటకు ద్రవ్యము పంపదలచిరి. అప్పుడు పెన్సిల్వేనియాలో టామీ స్ట్రింగర్ అను అనాథ శిశువు, కన్నులును చెవులును లేనివాడు, దిక్కులేక ఉండెను. కుక్క వలదు, ఆ ద్రవ్యముతో టామీని బాస్టన్‌కు తెప్పింపుడని హెలెన్ అందరికిని జాబులు వ్రాసెను. 1891 లో టామీ పెర్కిన్స్‌వారి శిశువిద్యాలయమున చేరెను.

ప్రేమించుట నేర్చినవారికి నొప్పియు తప్పదు. పదునొకండేండ్ల ప్రాయమున ఆమె ఒక చిన్నకథ వ్రాసి అనాగ్నోస్‌కు పుట్టినరోజు కానుకగా పంపెను. ఆయన మురిసి అచ్చువేయించెను. కాని ఆ కథ మార్గరెట్ కాన్‌బీ అను రచయిత్రి కథను పోలియున్నదని తరువాత బయటపడెను. ఎప్పుడో ఒక వేసవిలో ఎవరో అరచేతిలో చదివి వినిపించిన ఆ కథ, మరుపున పడి, తన ఊహయే యన్నట్లు ఆమె మనస్సున నిలిచియుండెను. విద్యాలయమువారు ఎనిమిదిమందిని కూర్చుండబెట్టి ఆ బాలికను విచారించిరి. ఆన్‌ను గదిలో ఉండనీయలేదు. హెలెన్ ఒంటరిగా ప్రశ్నలకు సమాధానములు చెప్పి, ఆ రాత్రి వెక్కివెక్కి ఏడ్చెను. తన్ను ముద్దుచేసిన అనాగ్నోస్ స్నేహము ఆమెకు తరువాత దక్కలేదు. పసిబిడ్డను అట్లు నిలబెట్టుట న్యాయముగా నాకెన్నడును తోచలేదు. ఆ రచయిత్రి మాత్రము హెలెన్‌కు ఆదరముతో జాబు వ్రాసెను. కొంతకాలము హెలెన్ ఏమి వ్రాయుటకును జంకెను. కాని ముడుచుకొని పాతచీకటిలోనికి పోలేదు. రాత్రులు ఆమెవెంట మేలుకొన్న చేయి ఒకటి ఉండెను.

పిమ్మటి చరిత్ర లోకవిదితము. ఆమె రాడ్‌క్లిఫ్ కళాశాలలో చేరి, ఆన్ ఉపన్యాసములను ఆసాంతము అరచేతిలో వ్రాసి చెప్పుచుండగా, 1904 లో పట్టభద్రురాలయ్యెను. 1903 లో తన జీవితకథను ప్రకటించెను. అంధుల సేవకై ముప్పదికి పైగా దేశములు తిరిగెను. 1955 లో భారతదేశమునకు వచ్చినప్పుడు ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ముఖమును వ్రేళ్లతో తడిమి ఆయనను తెలిసికొనెను. ఎవరిని తాకనీయని బాలిక ఈమెయే.

ఆన్ సల్లివన్ చూపు రాను రాను తగ్గి, 1936 అక్టోబరు 20 వ తేదీన ఆమె కన్నుమూసెను. ఆ సమయమున ఆమె చేయి హెలెన్ చేతిలో ఉండెను. ఆమె చరిత్రను వ్రాయుటకు హెలెన్ చాలకాలము పాటుపడెను. 1946 లో ఇల్లు అగ్నికి ఆహుతికాగా వ్రాతప్రతి బూడిదయయ్యెను. డెబ్బదియేండ్లు సమీపించుచున్న హెలెన్ మరల మొదటినుండి వ్రాసి 1955 లో ప్రకటించెను. ఉపాధ్యాయిని రాకమునుపు తానుండిన ఆ బాలికను ఆ గ్రంథమున ఆమె నేను అని చెప్పుకొనలేదు. ఎవరో ఛాయారూపమువలె వేరుచేసి చెప్పెను.

హెలెన్ 1968 జూన్ 1 వ తేదీన మరణించెను. ఆమె చితాభస్మమును వాషింగ్టన్ నగరములోని పెద్ద క్రైస్తవ దేవాలయమున, ఆన్ చితాభస్మమునకు ప్రక్కనే ఉంచిరి. అక్కడి లోహఫలకముపై వారి పేర్లు అంధులు చదువుకొను బ్రెయిలీ చుక్కలలోను ఉన్నవి. చూడవచ్చినవారు వానిని వ్రేళ్లతో తడిమి పోవుచుందురు.